హుస్సేన్‌సాగర్ అలుగుకాలువ తీరంలో వరదల చరిత్ర: పునరుద్ధరణ, సంసిద్ధతల పరిశీలన (అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాలు)

వ్యాససంగ్రహం:

హుస్సేన్‌సాగర్ అలుగు నుండి మూసీనది వరకు సాగే కాలువ హైదరాబాదు నగరంలోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాల జీవనంతో పెనవేసుకొని ఉంది. 1908, 2000, 2020 సంవత్సరాల వరదలను ఈ కాలువ తీరం దృష్ట్యా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వరద నుండి కోలుకోవడం, రాబోయే వరదకు సిద్ధపడడం అనేవి సాధారణంగా రెండు వేర్వేరు దశలుగా భావింపబడుతున్నాయి. 2020 అక్టోబరు 13, 17 తేదీల వానలు ఈ భావన సరికాదని తెలియజేశాయి. మొదటి వాన బురద తొలగకముందే రెండవ వాన కురిసింది. ఈ రెండు పనులూ ఏకకాలంలో సాగవలసినవేనని, వాటి నడుమ ఉన్న వ్యవధిని సమాజం, ప్రభుత్వం ఏ విధంగా వినియోగించుకున్నాయన్నదే నగర వరదల చరిత్రలో కీలకమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హుస్సేన్‌సాగర్, అలుగు, నాలా, మూసీ వరద, అశోక్‌నగర్, పునరుద్ధరణ, సంసిద్ధత.

1. ఉపోద్ఘాతం:

విపత్తుల చరిత్ర సాధారణంగా తేదీల చుట్టూ అల్లుకొని ఉంటుంది. హైదరాబాదు విషయంలో 1908 సెప్టెంబరు 28, 2000 ఆగస్టు 24, 2020 అక్టోబరు 13 అటువంటి తేదీలు. వాన కురిసిన రాత్రి, పెరిగిన నీటిమట్టం, మరణాల సంఖ్య, ప్రకటించిన సహాయం అనే క్రమంలో ప్రతి వరద కథనం నడుస్తుంది. సహాయం అందడంతో కథ ముగిసినట్లు భావించడం పరిపాటి.

ముంపునకు గురైన ఇంటివారికి మాత్రం కథ అక్కడ ముగియదు. గోడల తడి ఆరక ముందే ఆకాశం మళ్లీ మబ్బు పట్టవచ్చు. కడిగి ఎండబెట్టిన సామాను తిరిగి కింద పెట్టాలా, పైనే ఉంచాలా అన్న సందేహం ఆ ఇంటిని విడిచిపెట్టదు. కోలుకుంటున్న కాలంలోనే మరో వానకు సిద్ధపడవలసిన ఈ స్థితికి చరిత్ర రచనలో తగినంత చోటు లభించలేదు. నగర వరదలను గురించిన చర్చ కూడా అధికంగా మూసీ తీరానికే పరిమితమైంది. హుస్సేన్‌సాగర్ దిగువన ఉన్న అలుగుకాలువ తీరం ఆ చర్చలో ఒక పక్కకు ఒదిగిపోయింది. ఈ లోటును కొంతవరకు పూరించే ప్రయత్నంగా ప్రస్తుత పరిశీలన సాగుతుంది.

2. అలుగు, మత్తడి, నాలా - పదాలు చెప్పే చరిత్ర:

హుస్సేన్‌సాగర్ నిర్మాణం 1562-63 ప్రాంతంలో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనాకాలంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో జరిగింది. అప్పటికి హైదరాబాదు నగరం ఇంకా వెలియలేదు. చెరువు ముందు, నగరం తరువాత అన్న ఈ కాలక్రమం గమనార్హం. నేడు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఈ చెరువులోకి నీటిని చేరుస్తున్నాయి. నిండిన తరువాత మిగిలిన నీరు దిగువ ట్యాంక్‌బండ్ వైపునుండి వెలుపలికి వచ్చి, దోమలగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, నల్లకుంట పరిసరాల మీదుగా సాగి అంబర్‌పేట ప్రాంతంలో మూసీలో కలుస్తుంది.

తెలుగు నేలపై చెరువుకు సంబంధించిన పదజాలం ఎంతో నిర్దిష్టమైనది. నీటిని నిలిపేది కట్ట. పొలానికి నీటిని వదిలేది తూము. నిండిన చెరువు నుండి అదనపు నీరు పొర్లిపోయే చోటు అలుగు. తెలంగాణలో దీనినే మత్తడి అంటారు. చెరువు నిండినపుడు మాత్రమే నీరు ఆక్రమించే నేల శిఖం. కట్ట తెగిన చోటు గండి. తూము ఎత్తి దించుతూ నీటిని కనిపెట్టి ఉండే వ్యక్తి నీరటి. ఈ పదాలన్నీ ఒక సూత్రంపై ఆధారపడి ఉన్నాయి. చెరువు నిండడం ఎంత సహజమో, పొర్లడం కూడా అంతే సహజం; పొర్లిన నీటికి దారి విడిచిపెట్టడం గ్రామధర్మం.

పల్లెలో మత్తడి దూకడం పండుగ. ఆడబిడ్డలు బతుకమ్మలతో వచ్చేది ఆ చెరువుగట్టుకే. కట్టను కాపాడే తల్లిగా కట్టమైసమ్మను కొలుస్తారు. హుస్సేన్‌సాగర్ దిగువన, దిగువ ట్యాంక్‌బండ్ మార్గంలో నేటికీ కట్టమైసమ్మ ఆలయం ఉంది. అయితే నగరంలో 'అలుగు' అన్న పదం వ్యవహారం నుండి దాదాపు తొలగిపోయి, దాని స్థానంలో 'నాలా' స్థిరపడింది. నాలా అన్న పదానికి మూలార్థం కాలువే అయినప్పటికీ, నగర వ్యవహారంలో అది మురుగును మోసే చోటుగా అర్థసంకోచం పొందింది. ఒక నీటిదారి మురుగుదారిగా పిలువబడినపుడు దానికి విడిచిపెట్టవలసిన వెడల్పు విషయంలో జనానికి, పాలకులకు ఉండే పట్టింపు కూడా తగ్గుతుంది. పల్లెలో సంబరమైన మత్తడి, అశోక్‌నగర్ వంటి బస్తీలో రాత్రి నిద్ర లేకుండా చేసే వార్త కావడానికి ఈ మార్పు ఒక కారణం.

3. 1908: వరద తరువాతి వ్యవధి:

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద హైదరాబాదు చరిత్రలో అతి పెద్ద విషాదం. మృతులు సుమారు 15,000 మంది అని ఒక అంచనా. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. అఫ్జల్‌గంజ్ సమీపంలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్న వృత్తాంతం సుప్రసిద్ధం. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ రాత్రి తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయాడు. ఆ దుఃఖం 'ఖయామతే సుగ్రా' అన్న కవితగా రూపుదిద్దుకొంది.

వరద కారణాలను పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కల ప్రకారం శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన కురిసింది. మూసీ పరివాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. ఈ రెండు అంశాలను కలిపి చూడవలసి ఉంది. గొలుసుకట్టు చెరువులలో పై చెరువు అలుగు నీరే కింది చెరువుకు ఆధారం. తొలి గంటల వానను చెరువులు తమలో ఇముడ్చుకోగలవు. అవి నిండిన తరువాత కురిసే వానను ఇముడ్చుకొనే చోటు ఉండదు. అప్పుడు ఒక కట్ట తెగితే ఆ నీటి బరువంతా కింది కట్టపై పడుతుంది. కాబట్టి 1908 విషాదాన్ని కేవలం వాన పరిమాణంతో వివరించడం చాలదు. నిండిన చెరువుపై కురిసిన వానగా దానిని అర్థం చేసుకోవలసి ఉంటుంది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ ఆహ్వానంపై 1909లో హైదరాబాదు వచ్చిన విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన వరదను నిలిపే జలాశయాలను నిర్మించాలని సూచించాడు. వరద వచ్చినపుడు నీటిని పట్టి ఉంచి, నది భరించగలిగినంత మాత్రమే విడుదల చేయడం ఆ సూచన సారాంశం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంటే వరద జరిగిన 12 సంవత్సరాలకు మొదటి రక్షణ, 19 సంవత్సరాలకు రెండవ రక్షణ సమకూరాయి. ఈ నడుమ గడచిన ప్రతి వర్షాకాలాన్నీ నగరం రక్షణ లేకుండానే దాటింది. మళ్లీ అంతటి వాన రాకపోవడం నాటి ప్రజల అదృష్టమే తప్ప సంసిద్ధత ఫలితం కాదు.

జలాశయాల నిర్వహణలో ఒక అంతర్గత వైరుధ్యం కూడా నాటి నుండే ఉంది. తాగునీటి కోసం జలాశయం నిండుగా ఉండాలి. వరద రక్షణ కోసం అదే జలాశయంలో ఖాళీ ఉండాలి. వర్షాకాలం చివర వచ్చే వాయుగుండాల సమయంలో ఈ వైరుధ్యం తీవ్రమవుతుంది. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల నుండి విడుదలైన నీటితో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు చేరింది. ప్రయాణికులను అక్కడినుండి సురక్షితంగా తరలించవలసి వచ్చింది. 1908 వరద సెప్టెంబరు చివరిది. 2020 వరద అక్టోబరు మధ్యకాలానిది. నగరానికి ప్రమాదం అధికంగా వర్షాకాలం చివరి వారాలలో, చెరువులు అప్పటికే నిండి ఉన్న స్థితిలో ఏర్పడుతుందని ఈ తేదీలు సూచిస్తున్నాయి.

4. నగర విస్తరణ - కాలువ తీరం:

ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో నగరం మూసీ ఉత్తరాన విస్తరించింది. నారాయణగూడ విద్యాసంస్థల కేంద్రంగా ఎదిగింది. మాడపాటి హనుమంతరావు కృషితో 1928లో వెలసిన ఆంధ్ర బాలికోన్నత పాఠశాల తెలుగు మాధ్యమ విద్యకు దీపంగా నిలిచింది. చిక్కడపల్లిలో 1966లో ఏర్పడిన శ్రీ త్యాగరాయ గానసభ సాహిత్య, సంగీత సభలకు వేదికైంది. నగర కేంద్ర గ్రంథాలయం కూడా ఇక్కడే ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా థియేటర్లతో ప్రసిద్ధి పొందింది. అశోక్‌నగర్ పోటీపరీక్షల శిక్షణ సంస్థలకు, వసతిగృహాలకు నిలయమైంది. తెలుగు సాంస్కృతిక జీవనంలో ప్రముఖమైన ఈ ప్రాంతమంతా హుస్సేన్‌సాగర్ అలుగుకాలువకు సమీపంలోనే పెరగడం విశేషం.

మూసీ వరద జ్ఞాపకం నగర ప్రజల మనసులో నదీతీరానికే కట్టుబడి ఉండిపోయింది. నదికి దూరంగా ఉన్న ప్రాంతం సురక్షితమన్న భావన ఏర్పడింది. అయితే నదిలో కలిసే కాలువ కూడా నది స్వభావం గలదే. మూసీ నిండుగా ప్రవహిస్తున్నపుడు అందులోకి చేరవలసిన కాలువనీరు వేగం కోల్పోతుంది. ఎగువన హుస్సేన్‌సాగర్ అలుగు, దిగువన మూసీ మట్టం ఈ తీరపు భవిష్యత్తును నిర్ణయిస్తాయి. ఆ రెంటిమధ్య కాలువ వెడల్పు ఎంత ఉంటే ప్రజలకు అంత ఊపిరి ఉంటుంది. ఇళ్లు కాలువ అంచు వరకు చేరినకొద్దీ, వంతెనల కింది ఖాళీ చెత్తతో, పూడికతో కుంచించుకుపోయినకొద్దీ ఆ ఊపిరి తగ్గుతూ వచ్చింది.

5. 2000 ఆగస్టు 24 - మొదటి హెచ్చరిక:

2000 ఆగస్టు 24న బేగంపేట వాతావరణ కేంద్రంలో 24 గంటల్లో 241.5 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. హుస్సేన్‌సాగర్ పొంగి, అలుగుకాలువ వెంబడి ఉన్న దోమలగూడ, అశోక్‌నగర్ పరిసరాలు ముంపునకు గురయ్యాయి. నగర వరద అంటే మూసీ వరద మాత్రమే కాదన్న సత్యాన్ని ఈ ఘటన స్పష్టం చేసింది.

ఈ పరిమాణాన్ని ఊహించడానికి ఒక చిన్న లెక్క ఉపకరిస్తుంది. ఒక చదరపు కిలోమీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 10 లక్షల లీటర్ల నీరు చేరుతుంది. 241.5 మిల్లీమీటర్ల లెక్కన ఒక్క చదరపు కిలోమీటరుకే 24 కోట్ల లీటర్లకు పైగా నీరు చేరుతుంది. మట్టినేల అందులో కొంత భాగాన్ని పీల్చుకుంటుంది. సిమెంటు, తారు పరచిన నేలకు ఆ శక్తి లేదు. కురిసినదంతా దాదాపు ఒకేసారి కాలువ వైపు పరుగెత్తుతుంది.

ఈ వరద అనంతరం నగర వాననీటి కాలువల వ్యవస్థను అధ్యయనం చేసిన కిర్లోస్కర్ సంస్థ నివేదిక 2003లో వెలువడింది. కాలువల వెడల్పు పెంచడం, ఆక్రమణలు తొలగించడం, కొత్త కాలువలు నిర్మించడం వంటి అంశాలు ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు నగర పాలనలో చర్చనీయాంశాలుగా కొనసాగాయి. జ్ఞానం లేనందువల్ల ఆ కాలం వృథా కాలేదు. ఏమి చేయాలో తెలిసిన తరువాత కూడా ఆ పని వాయిదా పడుతూ వచ్చింది. ముంపు జ్ఞాపకం తాజాగా ఉన్నపుడు ఆక్రమణల తొలగింపును సమర్థించే సమాజమే, కొన్ని పొడి సంవత్సరాలు గడిచిన తరువాత దానిని వ్యతిరేకిస్తుంది. వ్యవధి పెరిగేకొద్దీ సంసిద్ధతకు లభించే మద్దతు తగ్గుతుంది. 2000 నుండి 2020 వరకు గల కాలం ఈ సత్యానికి నిదర్శనం.

6. 2020 అక్టోబరు - రెండు వానల నడుమ నాలుగు రోజులు:

బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర వాయుగుండం 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ సమీపంలో తీరం దాటి తెలంగాణ మీదుగా పయనించింది. బేగంపేటలో 24 గంటల్లో 191.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అక్టోబరు నెలకు సంబంధించి 1903 అక్టోబరు 6న నమోదైన 117.1 మిల్లీమీటర్ల రికార్డును ఇది అధిగమించింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో 320 మిల్లీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైంది. హుస్సేన్‌సాగర్ నీటిమట్టం పూర్తిస్థాయి అయిన 513.41 మీటర్లను మించింది. అలుగుకాలువ వెంబడి దోమలగూడ, అశోక్‌నగర్ పల్లపు వీధులు మరోసారి నీట మునిగాయి. ఆ సమయానికి కరోనా మహమ్మారి కారణంగా ప్రజల ఆదాయాలు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి.

అక్టోబరు 17 సాయంత్రం నగరంపై మళ్లీ భారీ వాన కురిసింది. ఆ రాత్రి తీవ్రత అధికంగా నగరపు తూర్పు, దక్షిణ ప్రాంతాలలో కనిపించింది. కొన్నిచోట్ల 150 మిల్లీమీటర్లకు పైగా వాన నమోదైంది. బాలాపూర్ సమీపంలోని గుర్రం చెరువుకు గండి పడి పాతనగర బస్తీలు తిరిగి మునిగాయి. తొలి వాన నీరు పూర్తిగా తొలగని ఇళ్లలోకి మలి వాన నీరు ప్రవేశించింది.

రెండవ వాన నాటికి సహాయ ప్రకటన వెలువడలేదు. ముంపునకు గురైన ప్రతి కుటుంబానికి 10,000 రూపాయలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష రూపాయలు, పాక్షికంగా దెబ్బతిన్న ఇంటికి 50,000 రూపాయలు చొప్పున ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం అక్టోబరు 19న ప్రకటించి, 550 కోట్ల రూపాయలు విడుదల చేసింది. పంపిణీ సాగుతుండగానే నగరపాలక సంస్థ ఎన్నికల ప్రకటన వెలువడింది. రాష్ట్ర ఎన్నికల సంఘం నవంబరు 18న పంపిణీని నిలిపివేసింది. డిసెంబరు 1న పోలింగ్ జరిగింది. సహాయం ఒక కాలమానంలో, వాన మరో కాలమానంలో నడిచాయి. వాన నాలుగు రోజులలో తిరిగి వచ్చింది. సహాయం ఆరు రోజులకు మొదలై నెల తిరిగేసరికి ఆగింది.

ఈ నాలుగు రోజులలో అలుగుకాలువ తీరంలో తలెత్తే చిక్కును వివరంగా చూడవలసి ఉంది. చెరువుకట్ట భద్రంగా ఉండాలంటే నీటిని కిందికి వదలాలి. మరో వాన వచ్చేలోగా చెరువులో కొంత ఖాళీ ఏర్పడాలన్నా నీటిని వదలాలి. అలా వదిలిన నీరు అప్పుడే బురద ఎత్తుకుంటున్న బస్తీల పక్కగానే పోవాలి. ఎగువ ప్రాంతానికి సంసిద్ధత అనిపించే చర్య, దిగువ ప్రాంతానికి ముంపు కొనసాగింపు కాగలదు. కాలువ శుభ్రంగా, వెడల్పుగా ఉంటేనే ఈ రెండు ప్రయోజనాలు కలసి నెరవేరుతాయి.

7. ఇతర ప్రాంతాల అనుభవం:

కోలుకునేలోగా మళ్లీ విరుచుకుపడే విపత్తు ఒక్క హైదరాబాదుకే పరిమితం కాదు. 2013లో కోస్తాంధ్ర ఈ స్థితిని అనుభవించింది. అక్టోబరు 12న పైలిన్ తుఫాను గోపాలపురం వద్ద తీరం దాటి శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసింది. అదే నెల చివర భారీ వర్షాలు కోస్తా జిల్లాలను ముంచెత్తాయి. నవంబరు 22న హెలెన్ తుఫాను మచిలీపట్నం సమీపంలో తీరం దాటింది. ఆరు రోజులకే లెహర్ బలహీనపడి అదే ప్రాంతాన్ని చేరింది. వరికోతల కాలంలో వచ్చిన ఈ వరుస విపత్తులలో రైతుకు కోలుకునే వ్యవధి దొరకలేదు. లెహర్ బలహీనపడడం ఊరట కలిగించినా, పడిపోయిన పైరును ఎత్తే పనికీ, తరలింపునకు సిద్ధపడే పనికీ రైతు కుటుంబం తన శక్తిని పంచుకోవలసి వచ్చింది.

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగర ఉదాహరణ కూడా ప్రసిద్ధమైనదే. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్‌కు కరకట్టలు తెగి నగరం మునిగింది. తెగినచోట తాత్కాలికంగా మరమ్మతు జరిగింది. నాలుగు వారాలు గడవకముందే, సెప్టెంబరు 23న రీటా హరికేన్ ప్రభావంతో ఆ తాత్కాలిక కట్టపై నుండి నీరు పొర్లి లోయర్ నైన్త్ వార్డు మళ్లీ మునిగింది. తాత్కాలిక మరమ్మతును పూర్తి రక్షణగా భావించరాదని ఈ ఘటన తెలియజేస్తుంది. దేశం, నది, పాలనావ్యవస్థ వేరైనా మచిలీపట్నం రైతుకు, న్యూ ఆర్లియన్స్ నివాసికి, అశోక్‌నగర్ అద్దె ఇంటివారికి ఎదురైన సమస్య స్వభావం ఒక్కటే.

8. అద్దె ఇళ్లు, వసతిగృహాలు - సంసిద్ధతలో మరుగున పడినవారు:

అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలకు ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ నివసించేవారిలో గణనీయమైన భాగం వివిధ జిల్లాల నుండి ఉద్యోగ పరీక్షల కోసం వచ్చిన యువతీయువకులు. వీరి గుర్తింపు పత్రాలలో స్వగ్రామపు చిరునామా ఉండడం సాధారణం. కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకొనే సహాయ విధానంలో ఒక గదిని నలుగురైదుగురు పంచుకొనే ఈ నివాసుల స్థానం అస్పష్టం. ఇల్లు మునిగితే యజమానికి నష్టం గోడలది, నేలది. అద్దెదారుకు నష్టం పుస్తకాలది, పరుపుది, అన్నిటికంటే ముఖ్యంగా ధ్రువపత్రాలది. పదవ తరగతి మార్కుల పత్రం, కుల ధ్రువపత్రం, డిగ్రీ పట్టా తడిసిపోతే వాటి నకళ్ల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే కాలం పరీక్షకు సిద్ధపడవలసిన కాలంలో నుండి పోతుంది.

సెల్లారు సమస్య ఇంకా తీవ్రమైనది. 2024 జులై 27న దిల్లీలోని రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణ సంస్థ సెల్లారులోని గ్రంథాలయంలోకి వాననీరు చొచ్చుకువచ్చి ముగ్గురు సివిల్ సర్వీసుల అభ్యర్థులు మరణించారు. ఆ ఘటన దిల్లీలో జరిగినప్పటికీ, శిక్షణ సంస్థలు, పఠన మందిరాలు కిక్కిరిసి ఉన్న అశోక్‌నగర్‌కు అది దూరపు వార్త కాదు. అలుగుకాలువకు సమీపంలోని ప్రాంతంలో సెల్లారును పఠనానికి, నివాసానికి వాడడం ప్రాణాపాయమన్న ఎరుక సంసిద్ధతలో మొదటి మెట్టు.

9. 2020 అనంతర చర్యలు:

2020 వరదల అనంతరం 2021లో వ్యూహాత్మక నాలాల అభివృద్ధి కార్యక్రమం ప్రారంభమైంది. తొలిదశ అంచనా వ్యయం సుమారు 985 కోట్ల రూపాయలు. ఇందులో భాగంగా హుస్సేన్‌సాగర్ అలుగుకాలువకు సుమారు 68 కోట్ల రూపాయల అంచనాతో రక్షణగోడ నిర్మాణం 2022లో చేపట్టబడింది. 2024 జులైలో చెరువులు, నాలాల పరిరక్షణతో పాటు విపత్తు స్పందనను కూడా చూసే 'హైడ్రా' సంస్థ ఏర్పడింది. 2000 తరువాతి నిదానంతో పోల్చితే 2020 తరువాత ప్రతిస్పందన వేగవంతమైందని అంగీకరించవలసిందే.

అయితే రక్షణగోడ పరిమితిని కూడా గుర్తించాలి. కాలువ నీరు వీధిలోకి రాకుండా గోడ ఆపుతుంది. వీధిలో కురిసిన వాన కాలువలోకి పోవడానికి గోడలో దారులు ఉండాలి. కాలువమట్టం వీధికంటే ఎత్తుకు చేరితే ఆ దారుల గుండానే నీరు వెనక్కి తన్నుతుంది. తిరుగుప్రవాహాన్ని ఆపే తలుపులు, నిలిచిన నీటిని తోడే మోటార్లు, వాటిని సకాలంలో నడిపే మనుషులు లేనిచోట గోడ సగం పనిమాత్రమే చేస్తుంది. పల్లెలో నీరటి నిర్వహించిన బాధ్యత నగరంలో ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ తిరిగి ఎదురవుతుంది. తూము దగ్గర ఎవరున్నారో ఊరంతటికీ తెలిసేది. అలుగుకాలువ ఒడ్డున ఎవరున్నారో బస్తీకి తెలియాలి.

వరద తరువాత జరిగే పనులను నిశితంగా పరిశీలిస్తే వాటిలో అనేకం పునరుద్ధరణకు, సంసిద్ధతకు ఉమ్మడిగా ఉపకరించేవేనని తెలుస్తుంది. వీధిలో కుప్పగా పోసిన తడిసిన పరుపులు, విరిగిన సామాను వెంటనే తొలగించడం శుభ్రత కోసమే అనిపిస్తుంది. తొలగించకపోతే తరువాతి వాన వాటినే కాలువలోకి ఈడ్చి వంతెన కింద అడ్డుపెడుతుంది. సంపు కడగడం తాగునీటి కోసం. అదే సమయంలో దాని మూతను, మోటారును ఎత్తులో అమర్చడం రేపటి కోసం. నగదు సహాయం నిన్నటి నష్టానికి. అది నాలుగు రోజుల లోపు అందితే అదే డబ్బు రేపటి తరలింపు ఖర్చుకు. ఈ రెండు ప్రయోజనాలను కలిపి చూసే దృష్టి పాలనలో, బస్తీ సంఘాలలో బలపడవలసి ఉంది.

10. ముగింపు:

1. హైదరాబాదు వరదల తీవ్రతను వాన పరిమాణం ఒక్కటే నిర్ణయించలేదు. నిండిన చెరువుపై, తడిసిన నేలపై, పూడిన కాలువపై కురిసిన వాన అధిక నష్టానికి కారణమైంది. 1908, 2020 ఘటనలు ఇందుకు నిదర్శనాలు.

2. 'అలుగు' నుండి 'నాలా' వరకు జరిగిన పదవ్యవహార మార్పు, నీటిదారి పట్ల నగర సమాజ దృక్పథంలో వచ్చిన మార్పును ప్రతిబింబిస్తున్నది.

3. 1908 తరువాత రక్షణ సమకూరడానికి 12 నుండి 19 సంవత్సరాలు పట్టింది. 2000 తరువాత నివేదికలు వెలువడినా అలుగుకాలువ తీరం 2020లో మళ్లీ మునిగింది. వ్యవధిని వినియోగించుకోలేకపోవడమే ఈ రెండు కాలాలకు ఉమ్మడి లక్షణం.

4. 2020 అక్టోబరులో రెండవ వాన సహాయ ప్రకటన కంటే ముందే వచ్చింది. కాబట్టి పునరుద్ధరణ పూర్తయిన తరువాత సంసిద్ధత అన్న క్రమం ఆచరణలో నిలవదు.

5. అద్దెదారులు, వసతిగృహ విద్యార్థులు అధికంగా ఉన్న అశోక్‌నగర్, చిక్కడపల్లి వంటి ప్రాంతాలలో చిరునామా ఆధారిత సహాయం చాలదు. నివసిస్తున్న వ్యక్తి ప్రాతిపదికగా హెచ్చరిక, తరలింపు, సహాయం ఉండాలి.

6. కాలువ ఒడ్డున గోడతో పాటు దానిని కనిపెట్టి ఉండే బాధ్యత కూడా నిర్దిష్టంగా ఒకరికి అప్పగింపబడాలి.

వాన ఆగిన మరునాడు అశోక్‌నగర్ వీధుల్లో ఎండకు పరచిన పుస్తకాలు జరిగిన నష్టానికి గుర్తులు. అవి ఆరిన తరువాత ఏ అరలో చేరతాయన్నది ఆ వీధి నేర్చుకున్న పాఠానికి కొలమానం. కింది అరలోకే తిరిగి చేరితే ఆ వీధి వరదను దాటింది గాని దానినుండి కోలుకోలేదనే చెప్పవలసి ఉంటుంది.